కొండకి రెండు నిమిషాలు, చెట్టుకి ముప్ఫై

(ఎచింగ్ గురించి, అంటే రాగి రేకు మీద గీసి, ఆ గీతల్ని యాసిడ్‌తో తినిపించి, కాగితం మీద అచ్చు తీసే బొమ్మల గురించి, అందులోనూ పల్లె దృశ్యాల ఎచింగ్‌ల గురించి మా మాస్టారు ఒక సాయంత్రం మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళు అడిగితే రికార్డింగ్ విని టైప్ చేశాను. తడబాట్లు తీసేశాను, అంతకుమించి ఏమీ మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకి వచ్చెయ్యండి. మొహమాటపడకండి, ముందు వరసలో కూర్చున్నవాళ్ళని ప్రశ్నలేమీ అడగను. ఇవాళ చూడబోయే బొమ్మలు చాలా చిన్నవి, అందుకే పిలుస్తున్నాను. ప్రొజెక్టర్ ఉంది కదా అంటారు. ఉంది. కానీ ప్రొజెక్టర్ అబద్ధం చెబుతుంది. అరచేతిలో ఇమిడే బొమ్మని గోడంత చేసి చూపిస్తే, మనకి అది గోడ మీద వేసిన బొమ్మలాగే గుర్తుండిపోతుంది. ఇదిగో, ఈ అట్టముక్క చూడండి. శామ్యూల్ పామర్ అనే ఇంగ్లీషాయన 1850లో వేసిన 'హెర్డ్స్‌మన్స్ కాటేజ్' బొమ్మ ఇంతే ఉంటుంది. మన పోస్టుకార్డు కంటే చిన్నది. ఇంత ముక్కలో పొద్దు కుంకుతోంది, చెట్లున్నాయి, ఇల్లుంది, పశువుల కాపరి ఉన్నాడు. సరే, ఇరికించాడు అనుకుందాం. కానీ ఆ పొద్దు కుంకే వెలుగు నల్ల సిరా ఒక్కదానితో ఎలా వచ్చింది? రంగు లేదు, తెల్ల పెయింట్ లేదు. ఇవాళ్టి కబుర్లన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి, మధ్యలో నేను దారి తప్పితే మీరే పట్టుకు లాగాలి.

ముందు పని ఎలా జరుగుతుందో చెప్పేస్తాను. ఎచింగ్ అనగానే చాలామంది 'చెక్కడం' అంటారు. కాదండీ. చెక్కడం వేరు. తిరుమల కొండ మీద దొరికిన అన్నమయ్య రాగిరేకులు తెలుసు కదా, అవి చెక్కినవి. అంటే ఉలి పట్టినవాడి చేతి బలం రాగిలోకి దిగింది. ఎచింగ్‌లో చేతి బలంతో పని లేదు. ఇక్కడ మనిషి గీస్తాడంతే, రాగిని తినేది యాసిడ్.

రాగి రేకు తీసుకుని అద్దంలా మెరిసేదాకా పాలిష్ పెడతాం. జిడ్డు పూర్తిగా పోవాలి, ఒక్క వేలిముద్ర ఉన్నా తర్వాత ఏడిపిస్తుంది. దాన్ని వేడి చేసి పైన ఒక పూత పూస్తాం. తేనె మైనం, తారు జాతి బిట్యుమెన్, కొంచెం చెట్టు బంక కలిపి చేసిన ముద్ద అది, దాన్ని గ్రౌండ్ అంటాం. వేడి రేకు మీద అది కరిగి పల్చగా పరుచుకుంటుంది. అప్పుడు రేకుని తిరగేసి పట్టుకుని కింద మైనపు వత్తులు వెలిగించి మసి పట్టిస్తాం. ఇంట్లో అమ్మమ్మలు కాటుక పట్టడం చూసినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి? అచ్చం అదే. మసి ఆ మైనంలో కలిసిపోయి రేకు నల్లగా నిగనిగలాడుతుంది. చల్లారాక సూదితో గీస్తాం. సూది మైనాన్ని మాత్రం లేపుతుంది, కింద రాగి బయటపడుతుంది. చీకట్లో రాగి తీగలు మెరిసినట్టుంటుంది చూడ్డానికి. మొదటిసారి గీసినవాళ్ళు ఆ అందానికి మురిసిపోయి ఆపకుండా గీసేస్తారు. అదే పెద్ద మోసం.

ఎందుకు మోసం? ఎందుకంటే ఇక్కడ మెరిసిన ప్రతి గీతా రేపు కాగితం మీద నల్లగా పడుతుంది. వెలుగు గీస్తున్నాననుకుని మీరు చీకటి గీస్తున్నారు. అది చాలదన్నట్టు కుడి ఎడమ కూడా తిరగబడతాయి. నేను చదువుకునే రోజుల్లో మొదటి ప్లేటు మీద మా పొలం వేశాను. నాన్న అరక దున్నుతున్నట్టు, వెనక చింతచెట్టు. ప్రింటు తీసుకుని ఇంటికి వెళ్ళి గొప్పగా చూపించాను. నాన్న చాలాసేపు చూశాడు. బాగుందనో బాగాలేదనో అంటాడని నేను ఎదురుచూస్తున్నాను. చివరికి, "మైలెద్దు దాపటిది కదరా, వలపట కట్టావేంటి?" అన్నాడు. అంతే. ఇంకో మాట లేదు. దాపట అంటే ఎడమ పక్క, వలపట అంటే కుడి పక్క. నలభై ఏళ్ళు అరక కట్టిన మనిషికి ఆ బొమ్మలో కనిపించిన మొదటి సంగతి అది. అప్పటినుంచి ఇప్పటిదాకా ప్లేటు గీసేటప్పుడు ఎదురుగా అద్దం పెట్టుకుంటాను.

ఇక యాసిడ్. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే పల్లె దృశ్యాల సంగతంతా ఇక్కడే ఉంది. పాత రోజుల్లో నైట్రిక్ యాసిడ్ ఎక్కువగా వాడేవాళ్ళు. ఇప్పుడు చాలాచోట్ల ఫెర్రిక్ క్లోరైడ్ వాడుతున్నాం, ఎలక్ట్రానిక్స్ చదివిన పిల్లలకి తెలుసు, సర్క్యూట్ బోర్డులు చేసేదే. నైట్రిక్‌లో వేస్తే గీతల వెంట చిన్న చిన్న బుడగలు లేస్తాయి. ఆ బుడగలు అక్కడే కూర్చుంటే యాసిడ్ సమంగా తినదు, అందుకని ఈకతో మెల్లగా తోస్తుంటాం. ఈక ఎందుకంటారా? బ్రష్షు మైనాన్ని గీరేస్తుంది, ఈక గీరదు. మా స్టూడియోలో కోడి ఈకలు గ్లాసులో పెట్టి ఉంటాయి, కొత్తగా వచ్చినవాళ్ళు వాటిని చూసి ఏదో క్షుద్రపూజ అనుకుంటారు.

ఇప్పుడు దూరంగా ఒక కొండ ఉంది. దాని ముందు తోపు. తోపు ముందు పొలం. ఇటు పక్క మన ముక్కు కింద ఒక చెట్టు. కొండ పల్చగా, పొగమంచులో ఉన్నట్టుండాలి. చెట్టు మొదలు నల్లగా, గట్టిగా ఉండాలి. సూదితో గట్టిగా నొక్కితే నల్లగా వస్తుందా? రాదు. సూది పని మైనం తీయడమే. మరి? టైము. రేకుని యాసిడ్‌లో వేసి రెండు నిమిషాలకి తీసేస్తాం. కడిగి, ఆరబెట్టి, కొండ మీద వార్నిష్ పూసేస్తాం. ఇక కొండని యాసిడ్ ముట్టుకోదు. మళ్ళీ వేస్తాం. ఇంకో నాలుగు నిమిషాలకి తీసి తోపుకి వార్నిష్. మళ్ళీ వేస్తాం. అలా పొలం అయ్యాక చివరికి చెట్టొక్కటే మిగులుతుంది, అది ముప్ఫై నిమిషాలు తింటుంది. ఈ లెక్క నా ప్లేటుది, యాసిడ్ ఎంత ఘాటుగా ఉందో, ఎండాకాలమో చలికాలమో దాన్నిబట్టి మారిపోతుంది. కానీ చూడండి, కొండకి రెండు నిమిషాలు, చెట్టుకి ముప్ఫై. ఎచింగ్‌లో దూరం అంటే టైమండీ. మైళ్ళు లేవు ఇక్కడ, నిమిషాలే. పెయింటింగ్ వేసేవాడు దూరపు కొండకి నీలం కలుపుకుంటాడు, మేం గడియారం చూసుకుంటాం.

గడియారం చూసుకోకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. నేను చదివిన కాలేజీ పేరు వద్దు కానీ, అక్కడ యాసిడ్ గదికి ఒకే కిటికీ, అదీ సగం తెరుచుకునేది. ఫ్యాను పెట్టించమని మూడేళ్ళు అడిగాం. ఒకరోజు ఆ ఘాటుకి తట్టుకోలేక బయటికి వెళ్ళి టీ తాగుతూ కబుర్లలో పడ్డాను. తిరిగొచ్చేసరికి మైనం లేచిపోయి, ఆకాశం ఉండాల్సిన చోట యాసిడ్ చుక్కలు చుక్కలుగా తినేసింది. మూడు వారాల పని. మా లెక్చరర్ వచ్చి చూసి, "పర్లేదు, మశూచి పోసిన ఆకాశం" అని పేరు పెట్టి వెళ్ళిపోయాడు. ఆ ప్లేటు ఇప్పటికీ ఉంది, పేపర్లు ఎగరకుండా బరువు పెట్టుకుంటాను.

యాసిడ్ పని అయ్యాక మైనమంతా కడిగేసి, రేకు నిండా సిరా రుద్ది, గంజి పెట్టిన పల్చటి గుడ్డతో తుడుస్తాం. చివర్లో అరచేత్తో తుడుస్తాం. పైన సిరా పోతుంది, గీతల లోపలిది ఉంటుంది. తడిపిన కాగితం పరిచి, పైన కంబళి లాంటి మందపాటి ఫెల్ట్ వేసి ప్రెస్‌లో తిప్పితే, మెత్తబడిన కాగితం గీతల్లోకి దిగి సిరాని పీల్చుకుని వస్తుంది. అందుకే మంచి ఎచింగ్ మీద వేలు పెట్టి చూస్తే గీత ఉబ్బెత్తుగా తగులుతుంది. మ్యూజియంలో మాత్రం ఈ ప్రయోగం చెయ్యకండి.

సరే, ఇప్పుడు చరిత్ర. త్వరగా చెప్పేస్తాను, తేదీలు నాకూ బోరే. ఇది మొదట్లో యూరప్‌లో కవచాల మీద నగిషీలు పెట్టేవాళ్ళ విద్య. ఇనుప కవచం మీద మైనం పూసి, గీసి, యాసిడ్‌తో తినిపించేవాళ్ళు. దాన్నే కాగితం మీద అచ్చు వేయొచ్చు కదా అన్న ఆలోచన తర్వాత వచ్చింది. తేదీ వేసి ఉన్న మొదటి ఎచింగ్ 1513ది, ఉర్స్ గ్రాఫ్ అనే స్విస్ ఆయనది. ఇంకో పదేళ్ళు కూడా కాకముందే జర్మనీలో ఆల్ట్‌డార్ఫర్ తొమ్మిది ఎచింగ్‌లు వేశాడు, ఉత్త చెట్లు, కొండలు, ఊళ్ళు. దేవుడు లేడు, రాజు లేడు, కథ లేదు. ఇది మామూలు విషయం కాదు. ఆ రోజుల్లో బొమ్మ అంటే ఎవరో ఒకరు ఉండాలి అందులో.

హాలండ్ చిత్రకారుడు రెంబ్రాంట్ దగ్గర కాసేపు ఆగుదాం, ఆగకుండా పోతే పాపం తగులుతుంది. 'మూడు చెట్లు', 1643. ఆయన వేసిన దాదాపు 300 ఎచింగ్‌లలో, ప్రకృతి దృశ్యాల వరకు పెద్దది ఇదే. పెద్దదంటే 28 సెంటీమీటర్ల వెడల్పు! ఎడమవైపు పైన చూడండి, స్కేలు పెట్టి గీసినట్టు ఏటవాలు గీతలు. వాన. కుడివైపు గట్టు మీద మూడు చెట్లు, వాటి వెనక తెరిపిచ్చిన ఆకాశం. ఇంత తుఫాను జరుగుతుంటే ఎడమ మూల ఒకాయన చేపలు పడుతున్నాడు, పక్కన ఆడమనిషి కూర్చుంది. గట్టు మీద ఒకడు బొమ్మ గీసుకుంటున్నాడు. కుడి మూల పొదల్లో, ఆ నల్లటి చీకట్లో, జాగ్రత్తగా చూస్తే ఒక జంట ఉంది. కనిపించిందా? లేదా? కనిపించనివాళ్ళు సిగ్గుపడక్కర్లేదు, నాకూ ఎవరో చూపిస్తేనే తెలిసింది. ఇదంతా ప్రొజెక్టర్‌లో దొరకదండీ. బొమ్మ చేతిలో ఉండాలి, కిటికీ దగ్గర కూర్చోవాలి.

అదే కాలంలో రోమ్‌లో క్లోడ్ లొర్రాన్ అనే ఫ్రెంచి చిత్రకారుడు ఉన్నాడు. 1636లో 'పశువుల కాపరి' అని ఒకటి వేశాడు. చెట్ల కింద కూర్చుని ఒకడు పిల్లనగ్రోవి ఊదుకుంటున్నాడు, ఆవులు నీళ్ళు దాటుతున్నాయి. రెంబ్రాంట్‌ది వాన వాసన వచ్చే నేల అయితే, క్లోడ్‌ది కల. మనవాళ్ళు గోధూళి వేళ అంటారు చూడండి, ఆవులు ఇంటికి మళ్ళేటప్పుడు లేచే దుమ్ములో సాయంత్రపు ఎండ పడే వేళ. ఒక్క మాటలో పశువులు, దుమ్ము, వెలుగు, టైము అన్నీ ఉన్నాయి. యూరప్‌లో పశువుల కాపరి బొమ్మలన్నీ ఆ ఒక్క గంట కోసం చేసిన తపస్సు అనిపిస్తుంది నాకు.

ఇక మన పామర్. ఈయన 1805లో లండన్‌లో పుట్టాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు, కవీ చిత్రకారుడూ అయిన విలియం బ్లేక్‌ని కలిశాడు. బ్లేక్ అప్పటికి ముసలివాడు, ఎవరూ పెద్దగా పట్టించుకోని మనిషి. ఆయన 1821లో ఒక బడిపుస్తకం కోసం, వర్జిల్ అనే లాటిన్ కవి గొర్రెల కాపరుల పద్యాలకి, చిన్న చిన్న చెక్క అచ్చుల బొమ్మలు చేశాడు. అగ్గిపెట్టెలంత బొమ్మలు. అవి చూసి ఈ కుర్రాడికి పిచ్చెక్కింది. లండన్ వదిలేసి కెంట్ జిల్లాలో షోర్‌హమ్ అనే పల్లెకి వెళ్ళిపోయాడు. 1820ల మధ్య నుంచి దాదాపు పదేళ్ళు అక్కడే. స్నేహితులంతా కలిసి తమకి తాము 'ప్రాచీనులు' అని పేరు పెట్టుకుని, రాత్రిళ్ళు వెన్నెల్లో పొలాల్లో తిరిగేవాళ్ళు. ఇరవై, పాతికేళ్ళ కుర్రాళ్ళు ప్రాచీనులట!

ఇక్కడ నాకో పేచీ ఉంది. పామర్ అంటే నాకు ప్రాణం, అయినా చెప్పాలి. ఆయన ఆ పల్లెలో స్వర్గం చూస్తున్న రోజుల్లోనే, 1830లో, అదే కెంట్ జిల్లాలో కూలీలు తిరగబడ్డారు. నూర్పిడి యంత్రాలు వచ్చి చలికాలం పనులు పోయాయి, కూలి గిట్టలేదు, యంత్రాలు పగలగొట్టారు, గడ్డివాములు తగలబెట్టారు. మరి మన పామర్ ఎవరి పక్షం? 1832లో ఓటర్లకి ఒక కరపత్రం రాశాడు, మార్పు కోరేవాళ్ళకి వ్యతిరేకంగా. బొమ్మల్లో ఎక్కడా మంట లేదు, యంత్రం లేదు. గొర్రెలు పడుకుని ఉంటాయి. ఇది తెలిశాక ఆ గొర్రెల్ని పాత కళ్ళతో చూడలేం కదా?

అయితే న్యాయంగా ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ కాపరుల కవిత్వానికి మూలం ఏది? వర్జిల్. అందులో మొదటి పద్యం ఎలా మొదలవుతుందో తెలుసా? ఒకడు చెట్టు నీడన పడుకుని పాట కట్టుకుంటున్నాడు, ఇంకొకడి పొలం లాగేసుకున్నారు, మేకల్ని తోలుకుని ఊరు వదిలి పోతున్నాడు. రోమ్‌లో యుద్ధాలయ్యాక సైనికులకి పంచడానికి రైతుల భూములు గుంజుకున్న రోజులవి. ఉన్నవాడు పోతున్నవాడితో, ఈ రాత్రికి ఉండిపో, దూరంగా ఇళ్ళ కప్పుల మీంచి పొగ లేస్తోంది, కొండల మీంచి నీడలు పొడుగవుతున్నాయి అంటాడు. పద్యం అక్కడ ఆగిపోతుంది. అంటే ఈ సాయంత్రపు శాంతి మొదటినుంచీ పొలం పోయినవాడి కళ్ళతో చూసిన శాంతే. ముంపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ముక్క నాకంటే వాళ్ళకే బాగా అర్థమవుతుంది.

పామర్ కూడా తర్వాత తర్వాత అదే అయ్యాడు, ఊరు పోగొట్టుకున్నవాడు. పెళ్ళయింది, ఇటలీలో రెండేళ్ళు తిరిగొచ్చాడు, బొమ్మలు అమ్ముడుపోవు, డబ్బున్న ఇళ్ళలో డ్రాయింగ్ పాఠాలు చెప్పుకుంటూ సంసారం ఈదాడు. ఎచింగ్ సూది పట్టింది 1850లో, నలభై అయిదేళ్ళ వయసులో. చచ్చిపోయింది 1881లో. ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళలో పూర్తి చేసిన ప్లేట్లు ఎన్నో చెప్పండి? ఎవరైనా? వంద? యాభై? 13. పదమూడండీ! ఆ మాటకొస్తే రెంబ్రాంట్ ముందు ఇది గీసినట్టే కాదు.

ఎందుకంత తక్కువ? చూపిస్తాను. ఇది 'నిద్రపోతున్న కాపరి', 1857. పందిరి లాంటి నీడలో గుమ్మం దగ్గర కుర్రాడు నిద్రపోతున్నాడు. ఆ పడుకున్న తీరు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న పాత రాతి శిల్పం నుంచి తీసుకున్నాడు. వీడు ఇక్కడ నిద్రపోతుంటే, అదిగో దూరంగా, తెల్లవారే వెలుగులో, ఎవరో అప్పుడే అరక కట్టేశాడు. ఎద్దులు నడుస్తున్నాయి. దాపటిదేదో వలపటిదేదో నన్నడక్కండి. ఇప్పుడు ఆ కుర్రాడి వెనక ఉన్న నీడ మీద దృష్టి పెట్టండి. దూరం నుంచి నల్లగా ఉంది కదా? దగ్గరికి చేస్తాను. ఇంకా దగ్గరికి. నలుపు ఎక్కడుంది? అడ్డంగా గీతలు, వాటి మీద ఏటవాలుగా గీతలు, వాటి మీద ఆకు వంపు వెంట మళ్ళీ గీతలు, ఈ మూడు వలల మధ్య చిన్న చిన్న గళ్ళు. ప్రతి గడిలోంచి తెల్ల కాగితం తొంగిచూస్తోంది. పామర్ ఒక ఉత్తరంలో వీటిని వేల చిన్న వెలుగు కళ్ళు అన్నాడు. ఎచింగ్ అందమంతా నీడల్లో కూడా కాగితం మిణుకుమనడంలో ఉందని ఆయన నమ్మకం. అందుకే ఆయన చీకట్లు ఊపిరాడనట్టుండవు. వెన్నెల రాత్రి తాటాకు పందిరి కింద పడుకుంటే ఎలా ఉంటుంది, అలా ఉంటాయి.

మరి ఆ కళ్ళు తెరిచి ఉండాలంటే ఏం చెయ్యాలి? గీతలు మరీ దగ్గరైతే యాసిడ్ రెంటి మధ్య గోడని తినేస్తుంది, కన్ను మూసుకుపోతుంది. దూరమైతే నీడ చిరిగిపోయినట్టుంటుంది. అందుకని కొంచెం గీయడం, కొంచెం తినిపించడం, వార్నిష్ పూయడం, మళ్ళీ మైనం పూసి కొత్త గీతలు, మళ్ళీ యాసిడ్. ఒక్కో ప్లేటు నెలలు, కొన్నయితే ఏళ్ళు. ఆ కాలంలోనే సీమర్ హేడెన్ లాంటి ఎచింగ్ కళాకారులు, ఎచింగ్ అంటే పొలం గట్టు మీద కూర్చుని గబగబా నాలుగు గీతల్లో తేల్చాలి, కాగితం ఖాళీగా వదలాలి అని వాదించేవాళ్ళు. ఫ్యాషన్ వాళ్ళదే. వాళ్ళ గీత బాగుంటుంది, కాదనను. నాకు మాత్రం, ఆ గీతలో మనిషి తెలివి కనిపిస్తుంది. పామర్ నీడలో సాయంత్రం కనిపిస్తుంది.

1861లో ఆయన పెద్ద కొడుకు పందొమ్మిదేళ్ళకే చనిపోయాడు. ఆ తర్వాత రెడ్‌హిల్ దగ్గర ఒక ఇంటికి మారి, మిగిలిన ఇరవై ఏళ్ళూ అక్కడే గడిపాడు. ఆ ఇంట్లో కూర్చుని వేసినవి 'బెల్‌మన్', 'లోన్లీ టవర్', రెండూ 1879లో బయటికి వచ్చాయి. మిల్టన్ అనే ఇంగ్లీషు కవి పద్యంలోని మాటలకి వేసిన బొమ్మలు. బెల్‌మన్ అంటే రాత్రిపూట గంట వాయించుకుంటూ వీధులు తిరిగే కావలివాడు. పశువులు దొడ్లో పడుకున్నాయి, ఇళ్ళు ఒదిగి ఉన్నాయి, వాడు గంట కొట్టుకుంటూ పోతున్నాడు. ఆ ఊరు ఏది? షోర్‌హమ్. నలభై ఏళ్ళ కింద వదిలేసిన ఊరు! ఆయన ఒక ఉత్తరంలో దీన్ని ఊరి జ్వరం అన్నాడు, ఎప్పుడో అంటుకున్న జ్వరం ఇన్నాళ్ళకి మళ్ళీ పైకి తేలిందని. ఊరి జ్వరం! అమెరికాలో ఉన్న మా మేనల్లుడికి ఈ మాట చెబితే, "మావయ్యా, దానికి మందు లేదు, వీసా ఉంది" అన్నాడు.

'లోన్లీ టవర్' దగ్గర రెండు నిమిషాలు. కొండ మీద ఒంటరి బురుజు, కిటికీలో దీపం. కింద గొర్రెల మధ్య ఇద్దరు కాపరులు పడుకుని ఆ దీపం వైపు చూస్తున్నారు. గుడ్లగూబ ఎగురుతోంది. నెలవంక, చుక్కలు. పద్యంలో సప్తర్షి మండలం కనుమరుగయ్యేదాకా మేలుకుని చదువుకోవాలని ఉంటుంది. ఇప్పుడు నేను ఇందాక చెప్పింది గుర్తు తెచ్చుకోండి. సూదితో గీస్తే నలుపు పడుతుంది. మరి చుక్కని ఎలా గీస్తారు? గీయరు. చుక్క చుట్టూ ఉన్న రాత్రినంతా గీస్తారు. దీపాన్ని కూడా అంతే. డెబ్భై నాలుగేళ్ళ ముసలాయన కళ్ళజోడు పెట్టుకుని, నల్లటి రేకు మీద, తిరగబడిన ఆకాశంలో, చుక్క పట్టేంత చోటు వదిలి మిగతాదంతా గీతలు నింపుకుంటూ పోయాడు. పొరపాటున సూది జారి ఆ చోటులోకి పోయిందా, ఆ చుక్క ఆరిపోయినట్టే.

ఇంట్లోనే ప్రెస్ పెట్టుకుని ప్రింట్లు తీసిపెట్టింది చిన్న కొడుకు ఆల్‌ఫ్రెడ్ హెర్బర్ట్. తండ్రి వర్జిల్ కాపరి పద్యాలని ఏళ్ళ తరబడి అనువాదం చేసి, వాటికి ఎచింగ్‌లు మొదలుపెట్టి, ఒక్కటి మాత్రమే పూర్తి చేసి పోతే, మిగిలిన నాలుగు ప్లేట్లనీ ఈ కొడుకే పూర్తి చేసి 1883లో పుస్తకం తెచ్చాడు. మంచి కొడుకు కదా? అదే కొడుకు 1909లో తండ్రి నోటుబుక్కులు, బొమ్మలు బోలెడు పోగేసి తగలబెట్టాడు. రోజుల తరబడి కాల్చాడు. ఎవరికీ అర్థం కావు, పరాయివాళ్ళ చేతుల్లో పడి అవమానపడతాయి అనుకున్నాడట. దీని గురించి నేనేం మాట్లాడను, మాట్లాడితే బీపీ వస్తుంది.

1924లో లండన్‌లో ఆర్ట్ చదువుకునే కుర్రాడొకడికి పాత పుస్తకాల వీధిలో ఈ 'హెర్డ్స్‌మన్స్ కాటేజ్' ప్రింటు దొరికింది. క్లాసులో అందరూ గుమిగూడారు. ప్లేటంతా గీతలతో నింపకూడదని వాళ్ళకి బళ్ళో నేర్పేవాళ్ళు. ఇక్కడ చూస్తే ఖాళీ లేదు, అయినా వెలుగుతోంది! వాళ్ళలో గ్రాహమ్ సదర్లాండ్ ఉన్నాడు, నాలుగైదేళ్ళు పామర్ దారిలోనే పల్లెలు వేశాడు. అమ్ముడుపోయాయి కూడా. 1929లో అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలింది, ఎచింగ్‌లు కొనేవాళ్ళు మాయమైపోయారు, ఆయన పెయింటింగ్‌కి మళ్ళిపోయాడు. వాల్‌స్ట్రీట్ పడిపోతే ఇంగ్లండ్‌లో గొర్రెల కాపరి బొమ్మలు ఆగిపోవడం, చూడండి ఎక్కడికెక్కడ ముడి!

మనవాళ్ళు లేరా అని ఎవరో అడిగారు లోపలికి వస్తుంటే. ఉన్నారు, చాలా పెద్దవాళ్ళే ఉన్నారు. చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డిగారు పారిస్‌లో పనిచేసి, ఒకే ప్లేటు మీద చిక్కదనం వేరువేరుగా ఉన్న సిరాలతో ఒక్కసారిగా రంగుల ప్రింటు తీసే పద్ధతిని నిలబెట్టినవాళ్ళలో ఒకరు. ఆయనది పల్లె దృశ్యం కాదు, ఇవాళ్టి దారి కాదు. లక్ష్మాగౌడ్‌గారిది మాత్రం ఈ దారికి ఎదురు దారి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకుని, 1970లలో వేసిన ఎచింగ్‌లు చూడండి. అక్కడా పల్లే, అక్కడా మేకలే. కానీ ఆ మేక పామర్ గొర్రెలా పడుకోదు. చెట్టు, మేక, ఆడామగా ఒకళ్ళలోంచి ఒకళ్ళు మొలుచుకొచ్చినట్టుంటారు. కోరిక దాచుకోని పల్లె అది. పామర్ పల్లెకి వెళ్ళినవాడు, ఈయన పల్లెలోంచి వచ్చినవాడు. నాకు ఆ తేడా అక్కడే తెలిసిపోతుంది. సూది అదే, మైనం అదే.

టైమైపోయిందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు. టీ వచ్చిందట. ఒక్క నిమిషం. ఈ ప్లేటు నాదే, యాసిడ్ పని అయిపోయింది, సిరా లేదు, కాబట్టి చేతులకేం అంటదు. అంచులు పట్టుకుని పక్కవాళ్ళకి ఇవ్వండి. ఇందాక మ్యూజియంలో వేలు పెట్టొద్దన్నాను, దీని మీద పెట్టొచ్చు. పైన కొండ దగ్గర మొదలుపెట్టి కిందికి మెల్లగా లాక్కురండి. కొండ దగ్గర వేలికి ఏమీ తెలియదు, తోపు దగ్గర ఏదో ఉందా లేదా అన్నట్టుంటుంది, చెట్టు మొదలుకి వచ్చేసరికి గరుకుగా గోరుకి తగులుతుంది. అక్కడ ముప్ఫై నిమిషాలున్నాయి. ఆ చెట్టు మా చింతచెట్టే, ఈసారి అద్దం పెట్టుకుని సరైన వైపు వేశాను. చూపిద్దామంటే నాన్న లేడు. అమ్మా, మీ నుంచి మొదలుపెట్టండి, తిరిగి నాకే రావాలి.